మొరగడమే దాని పని: ఫిన్లాండ్ 'నిక్కచెవుల' వేటకుక్క

అందరికీ నమస్కారం. మాట్లాడే ముందు ఒక చప్పుడు వినిపిస్తాను. నా ఫోన్‌లో ఉంది. మైకు దగ్గర పెడుతున్నాను, వినండి.

(కుక్క మొరుగుతున్న రికార్డింగ్)

చాలు, ఇక్కడ ఆపుతున్నాను. మిగతా సగం చివర్లో వింటాం.

ముందు వరసలో ఒకరిద్దరు మొహం చిట్లించారు. వాళ్ళ తప్పేం లేదు. కానీ ఒకటి గమనించారా? మన వీధికుక్క మొరిగితే గొంతు లేస్తుంది, పడుతుంది, మధ్యలో గుర్రుమంటుంది, ఎదురుగా ఉన్నది భయపడిందో లేదో చూసుకుని మళ్ళీ అందుకుంటుంది. ఇందులో అవేవీ లేవు. ఒకటే శ్రుతి, ఒకటే లయ. నిమిషానికి వందకు పైగా మొరుగులు. ఈ కుక్కకి ఎవరి మీదా కోపం లేదు. ఎవర్నీ బెదిరించడం లేదు. అది పని చేస్తోంది.

నేను ఫిన్లాండ్‌లో ఔలు అనే ఊళ్ళో ఉంటాను. దేశానికి ఉత్తరపు సగంలో, సముద్రం ఒడ్డున ఉంటుంది. టెలికాం ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు అక్కడ చాలామందే ఉన్నారు, నేనూ ఆ దారినే వెళ్ళాను. అక్కడికెళ్ళాక నా మనసు లాగేసింది ఈ కుక్క. ఫిన్నిష్‌లో దాని పేరు సుఓమెన్ పిస్తికోర్వ. సుఓమి అంటే వాళ్ళ భాషలో ఫిన్లాండ్. పిస్తి అంటే నిటారుగా ఉన్నది, కోర్వ అంటే చెవి. ఫిన్లాండ్ నిక్కచెవుల కుక్క అన్నమాట. బయటి ప్రపంచం ఫిన్నిష్ స్పిట్జ్ అంటుంది. కోసు మూతి, నిక్కచెవులు, చుట్టుకున్న తోక ఉన్న కుక్కల్ని స్పిట్జ్ రకం అంటారు.

చూడ్డానికి నక్కలా ఉంటుంది. ఎర్రటి బంగారు రంగు, కోసుగా ఉన్న మూతి, నల్లటి బాదం కళ్ళు, వీపు మీదికి చుట్టుకుని తొడ మీద వాలే తోక. కుక్క తోక వంకర అని మనం విసుక్కుంటాం గానీ, అక్కడ ప్రదర్శనల్లో న్యాయనిర్ణేతలు ఆ వంకరే సరిగ్గా ఉందా లేదా అని చూస్తారు. మగకుక్క ఎత్తు 47 సెంటీమీటర్లు, బరువు 12, 13 కిలోలు. ఆడకుక్క ఇంకా చిన్నది, 42 సెంటీమీటర్లు, 7 నుంచి 10 కిలోలు. పిల్లలు పుట్టినప్పుడు నల్లటి బూడిదరంగులో ఉంటాయి, పెరిగేకొద్దీ ఎరుపు తేలుతుంది.

ఇంత చిన్న కుక్క ఏం వేటాడుతుంది అని మీకు అనుమానం రావాలి. నాకూ వచ్చింది. దానికి జవాబు నాకు మా పక్కింటి పెద్దాయన దగ్గర దొరికింది. పదవీ విరమణ చేసిన మనిషి. ఆయన దగ్గర పెని అని అయిదేళ్ళ మగకుక్క ఉండేది. అక్కడ అడవిపక్షుల వేట కాలం సెప్టెంబర్ 10న మొదలవుతుంది. ఒక ఏడాది సెప్టెంబర్‌లో నన్ను కైనూ ప్రాంతంలోని తమ అడవికి తీసుకెళ్ళారు.

తెల్లవారుజామున బయల్దేరాం. నేల మీద పలచగా మంచు పట్టింది. కారు డిక్కీ తలుపు తీయగానే పెని దిగి, ఒక్కసారి ఒళ్ళు దులుపుకుని, అడవిలోకి వెళ్ళిపోయింది. అంతే. తాడు లేదు, పిలుపు లేదు, 'పో' అన్న మాట కూడా లేదు. నేను కంగారుగా ఆయన వంక చూశాను. ఆయన తన చెవి మీద వేలు పెట్టి చూపించారు, వినమని. కుక్క మెడలో జీపీఎస్ బెల్టు ఉంది, అది ఎక్కడుందో ఫోన్‌లో కనిపిస్తుంది. ఈ రోజుల్లో ఆ బెల్టు నిమిషానికి ఎన్ని మొరుగులో కూడా లెక్కపెట్టి చెబుతుంది. ఆయన మాత్రం ఫోన్ జేబులోంచి తీయలేదు.

గంటన్నర నడిచాం. కుక్క మొరగలేదు, ఒక్కసారి కూడా. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఈ కుక్కకి వాగుడు ఎక్కువని పేరు. వెతుకుతున్నంతసేపూ నోరు విప్పదు. పావుగంటకోసారి చెట్ల మధ్య ఎర్రగా ఒక మెరుపు, మేం ఎక్కడున్నామో ఒక చూపు చూసుకుని మళ్ళీ మాయం.

అప్పుడు దూరంగా రెక్కల చప్పుడు. పెద్ద దుప్పటి దులిపినట్టు. మెట్సో అనే పక్షి అది. మన కోడికీ నెమలికీ చుట్టం, ఒకే కుటుంబం. మగది నాలుగు కిలోల దాకా తూగుతుంది, ఒళ్ళంతా నలుపు, కంటి మీద ఎర్రటి పట్టీ. ఆ కాలంలో నేల మీద బెర్రీలు ఏరుకు తింటుంది, కుక్క తరిమితే ఎగిరి ఏదో ఒక చెట్టెక్కుతుంది. ఏ చెట్టు అన్నదే కుక్క తేల్చాలి. ముక్కు అక్కడ పనికిరాదు, పక్షి గాల్లో వెళ్ళిపోయింది కదా. రెక్కల చప్పుడు వెంట చెవి పెట్టి, తల ఎత్తి కొమ్మలు వెతుక్కుంటూ పరుగెత్తాలి. ఆ నిక్కచెవులు పనికొచ్చేది అక్కడ.

తర్వాత మొరుగు మొదలైంది. ముందు నెమ్మదిగా, అడిగినట్టుగా. పక్షి కదలకపోయేసరికి గొంతు పెరిగింది, లయ కుదిరింది. పెద్దాయన నడక మారిపోయింది. కుక్క మొరుగుతున్నప్పుడే అడుగు వేస్తారు. ఊపిరి కోసం అది ఆగిందంటే ఈయనా ఆగిపోతారు. ఒక కాలు గాల్లో ఉండగా ఆగితే అలాగే నిలబడిపోయారు ఒకసారి, డెబ్భై ఏళ్ళ మనిషి, కొంగలాగా. ఆ మొరుగు పక్షిని కట్టిపడేస్తుంది, వేటగాడి అడుగుల చప్పుడు కప్పేస్తుంది, దారి కూడా అదే చూపిస్తుంది. పక్షికి కింద ఉన్నది నక్కలాంటి జంతువు, పైకి రాలేదు. భయపడి పారిపోవలసినంత ప్రమాదం కాదు, చూపు తిప్పుకోగలిగినంత అల్పమైనదీ కాదు. అందుకని మెడ చాచి దాన్నే చూస్తూ కూర్చుంటుంది. కుక్క ఏమో చెట్టు కింద మెల్లగా అటూ ఇటూ తిరుగుతూ, తోక ఊపుతూ, దాని కళ్ళని తనతో తిప్పుకుంటుంది. మంచి కుక్కలు వేటగాడు వచ్చే వైపుకి ఎదురు వైపు నిలబడతాయి, పక్షి వీపు మనిషి వైపు ఉండేలా.

నేను చూశాను ఆ దృశ్యం. పైన్ చెట్టు పై కొమ్మ మీద నల్లటి పక్షి, కింద ఎర్రటి కుక్క, రెండింటి మధ్య తీగ లాగినట్టు ఆ చూపు. ఇందాక మీరు విన్న చప్పుడు అప్పటిదే. నా కోటు జేబులో ఫోన్ రికార్డు చేస్తోంది. తర్వాత ఏమైందో ఆ రెండో సగంలో ఉంది.

ఇప్పుడు స్వభావం సంగతి. ఈ జాతి కుక్క ఎలా ఉండాలో కెనెల్ సంఘం, అంటే కుక్కల జాతుల్ని నమోదు చేసే సంఘం, రాసుకున్న ప్రమాణ పత్రం ఒకటి ఉంది. అందులో స్వభావం గురించి ఉన్నది ఒకటి రెండు వాక్యాలే. చురుకైనది, ధైర్యం గలది, పట్టుదల గలది, కొత్తవాళ్ళ దగ్గర కాస్త ముభావంగా ఉండొచ్చు గానీ దూకుడు పనికిరాదు. ఈ నాలుగు ముక్కలూ ఆ చెట్టు కింద నిలబడి చదివితేనే అర్థమవుతాయి.

మనిషికి కనబడనంత దూరంలో ఒంటరిగా పనిచేసే కుక్క ఇది. ఏ గుట్ట వెనక వెతకాలి, పక్షి ఎగిరిపోతే ఎటు వెళ్ళాలి, ఎప్పుడు వదిలెయ్యాలి, అన్నీ దానంతట అదే తేల్చుకోవాలి. ప్రతిదానికీ యజమాని మొహం చూసే కుక్క ఆ అడవిలో ఒక్క పిట్టని కూడా చూపించలేదు. వందల ఏళ్ళు అలాంటి వాటినే ఏరి ఏరి పెంచారు. అటువంటి కుక్కని ఇంటికి తెచ్చుకుని 'రా' అంటే వెంటనే రాలేదని మొండిది అంటే ఎలా? అది మీ మాట విన్నది. వచ్చి తీరాలా అని ఆలోచిస్తోంది. ఒకే పని పదిసార్లు చేయమంటే మూడోసారికి ముఖం తిప్పుకుంటుంది. అరిస్తే అలుగుతుంది, అలిగితే రోజంతా గది మూల వదలదు. అయిదు నిమిషాలు నేర్పి, బాగా చేసినప్పుడు మెచ్చుకుని వదిలేస్తే ఆ విద్య మరచిపోదు. పూర్తిగా పక్వానికి రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది, అప్పటిదాకా ఓపిక పట్టాలి.

అలాగని మనిషి పట్టని జంతువు కాదు. పావుగంటకోసారి చెట్ల మధ్య మెరిసిందన్నాను చూడండి, ఇంట్లోనూ అదే చేస్తుంది. మీ ఒళ్ళో కూర్చోదు. మీరున్న గదికి, పక్క గదికి మధ్య గుమ్మంలో పడుకుంటుంది. అందరూ కనబడాలి. పిల్లలతో చాలా సహనంగా ఉంటుంది. మొరిగే కుక్క కరవదని మన పెద్దలు ఊరికే అన్నారో చూసి అన్నారో గానీ, ఈ కుక్క విషయంలో అది చాలావరకు నిజం. పక్షి చెట్టు మీద, కుక్క నేల మీద. కరవడంతో దానికి పనే లేదు.

ఇక్కడ నా వల్ల జరిగిన పొరపాటు ఒకటి చెప్పాలి. వేట నుంచి వచ్చిన మరుసటి ఏడాది నేనూ ఈ జాతి ఆడ కుక్కపిల్లని ఒకదాన్ని తెచ్చుకున్నాను. అప్పుడు మేం మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. లిఫ్టు తలుపు తెరుచుకుంటే మొరిగేది. మెట్ల మీద అడుగు వినబడితే మొరిగేది. కిటికీ బయట మాగ్పై పిట్ట వాలితే ఇక చెప్పక్కర్లేదు. నెల తిరక్కుండా భవనం వాళ్ళ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. భయపడి ఒక దుకాణంలో మొరుగు మాన్పించే బెల్టు కొన్నాను. మొరిగినప్పుడల్లా మూతి దగ్గర చల్లటి గాలి చిమ్ముతుంది. రెండు రోజుల్లో మొరగడం మానేసింది. మూడో రోజు నేను ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీస్తే ఎదురు రాలేదు. గుమ్మంలో పడుకునే కుక్క మంచం కిందికి వెళ్ళి పడుకుంది. ఆ కళ్ళు చూసి ఆ బెల్టు తీసి చెత్తలో పారేశాను. ఆ పని చేసినందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పెద్దాయనకి చెబితే ఆయన కోప్పడలేదు. ఒకటే అడిగారు, "అది మొరిగినప్పుడు నువ్వు వెళ్ళి చూస్తున్నావా?" అని. చూడ్డం లేదు. కూర్చున్న చోటి నుంచే 'ఊరుకో' అని అరుస్తున్నాను. ఆయన చెప్పింది ఏమిటంటే, కుక్క నీకు కబురు పంపుతోంది, కబురు అందిందని నువ్వు చెప్పకపోతే అది పంపుతూనే ఉంటుంది. అప్పట్నుంచి మొరిగినప్పుడల్లా లేచి కిటికీ దాకా వెళ్ళాను, దాని పక్కన నిలబడి బయటికి చూశాను, చూశానమ్మా అని తల నిమిరాను. పొద్దున్నే గంటసేపు అడవి దారిలో వదిలాను. ఆరు వారాలు పట్టింది. పూర్తిగా మానలేదు, మానకూడదు కూడా. మూడు నాలుగు మొరుగులతో సరిపెట్టుకుని నా వైపు తిరిగి చూడ్డం నేర్చుకుంది. తర్వాత మేం పెరడున్న ఇంటికి మారిపోయాం.

గాడిద ఓండ్రపెట్టి దెబ్బలు తిన్న కథ మనందరికీ తెలుసు, కుక్క పని కుక్క చేయాలి, గాడిద పని గాడిద చేయాలి అని. మనం కుక్క పని కుక్క చేస్తే కూడా కొడుతున్నాం.

ఈ జాతి ఎక్కడిది? వోల్గా నది ప్రాంతం నుంచి ఫిన్నుల పూర్వీకులు పడమటికి వస్తూ తమతో తెచ్చుకున్నారని ఒక కథ ఉంది, రెండు వేల ఏళ్ళ నాటి సంగతి అంటారు. వినడానికి బావుంటుంది. ప్రమాణ పత్రం మాత్రం నిజాయితీగా ఒప్పుకుంటుంది, ఈ జాతి పుట్టుక తెలియదు, శతాబ్దాలుగా దేశమంతా ఇలాంటి కుక్కలు ఉన్నాయి అని. నాకు ఆ నిజాయితీ ఇష్టం. ఎందుకంటే ఉత్తరాది కుక్కల చుట్టూ అయిదువేల ఏళ్ళ ప్రాచీనత కథలు చాలా అల్లుకున్నాయి. నార్వేలో ఎల్గ్‌హుండ్ అని దీనికి పెద్దన్న లాంటి బూడిదరంగు కుక్క ఉంది, ఎల్గ్ అనే పెద్ద దుప్పిని వేటాడుతుంది. వైకింగుల కాలం కంటే పాతది అని చెప్పుకునేవారు. 2004లో అమెరికా శాస్త్రవేత్తలు 85 జాతుల నుంచి 414 కుక్కల డీఎన్ఏ పోల్చి చూస్తే అది ప్రాచీన జాతుల గుంపులో పడలేదు, మామూలు యూరప్ జాతుల గుంపులో పడింది. ఇంకో ముచ్చట. ఉత్తరాది స్పిట్జ్ జాతుల్లో కొన్నిటికి తల్లి వైపు నుంచి వచ్చే డీఎన్ఏలో 'డీ-1' అనే గుంపు ఉంది. కుక్క మచ్చికయిన చాలా కాలం తర్వాత, ఇప్పటికి 480 నుంచి 3000 ఏళ్ళ మధ్య ఎప్పుడో, అక్కడి ఆడ తోడేలు ఒకటి ఊరి కుక్కతో కలిస్తే వచ్చిన వంశం అది అని 2011లో అంచనా వేశారు. అంటే ఈ ఉత్తరాది కుక్కల చరిత్ర చెడని శుద్ధ రక్తం చరిత్ర కాదు. పని బాగా చేసే కుక్కని దాచుకున్న పల్లెటూళ్ళ చరిత్ర.

ఆ పల్లెటూళ్ళకి రోడ్లు, రైళ్ళు వచ్చాయి. వాటితో పాటు వేరే జాతుల కుక్కలూ వచ్చాయి, కలిసిపోయాయి. 1880ల నాటికి అసలు రూపం కనబడ్డమే అరుదైపోయింది. అప్పుడు ఇద్దరు మనుషులు పట్టించుకున్నారు. ఇద్దరి పేరూ హ్యూగోనే, హ్యూగో సాండ్‌బెర్గ్, హ్యూగో రోస్. సాండ్‌బెర్గ్ 1890లో 'స్పోర్టెన్' అనే పత్రికలో ఈ కుక్క గురించి రాసి, ఇది పోతే మళ్ళీ రాదని చెప్పాడు. రోస్ ముప్ఫై ఏళ్ళ పాటు పెంచాడు. తూర్పున, ఉత్తరాన మారుమూల ఊళ్ళలో ఇంకా ఒకే పోలికతో, ఒకే పని చేస్తున్న కుక్కలు మిగిలి ఉన్నాయి. వాటి నుంచే జాతి మళ్ళీ నిలబడింది. 1892లో మొదటి ప్రమాణ పత్రం వచ్చింది. అప్పుడు పెట్టిన పేరేమిటో తెలుసా? 'ఫిన్లాండ్ మొరిగే పక్షికుక్క'. పేరులోనే మొరగడం. 1897లో ఆ పేరు మార్చి నిక్కచెవుల కుక్క అన్నారు. నాకు పాత పేరే నచ్చుతుంది. అదే ఏడాది మొదటి వేట పోటీ జరిగింది. ఇప్పటికీ ఫిన్లాండ్‌లో అందం ఒక్కటే చూసి ఈ కుక్కకి ఛాంపియన్ బిరుదు ఇవ్వరు, అడవిలో పక్షిని చూపించి మొరిగి పరీక్ష నెగ్గాలి. ఏటా శరదృతువులో పెద్ద పోటీ పెట్టి 'మొరుగుల రాజు'ను ఎంచుకుంటారు. 1979లో దీన్ని జాతీయ శునకంగా ప్రకటించారు.

సరిహద్దుకు అవతల, రష్యా వైపు కరేలియాలో ఇవే కుక్కల్ని కరేలో-ఫిన్నిష్ లైకా అని పెంచుకున్నారు. 2006లో రెండు దేశాల కెనెల్ సంఘాలూ ఈ రెండు కుక్కలూ ఒకే జాతి అని ఒప్పుకున్నాయి. లైకా అనగానే మీకు 1957 నవంబర్ 3న స్పుత్నిక్-2లో వెళ్ళిన కుక్క గుర్తొచ్చి ఉంటుంది. అది మాస్కో వీధికుక్క. కానీ రష్యన్ భాషలో లైకా అంటే మొరిగేది. ఉత్తరాది వేటకుక్కలన్నిటికీ అక్కడ అదే పేరు. అంతరిక్షంలోకి వెళ్ళిన ఆ మూగజీవి పేరు 'మొరిగేది' అని తెలిసిన రోజు నాకు చాలాసేపు మాట రాలేదు.

ఇంకో చిన్న సంగతి. ఫిన్లాండ్ పౌరదళాలు వాడిన ఎమ్-28 తుపాకికి గొట్టం కొసన గురి చూసే ముల్లుకి రెండు పక్కలా రెండు రేకులు నిలబడి ఉంటాయి, అచ్చం కుక్క చెవుల్లా. జనం ఆ తుపాకిని పిస్తికోర్వ అనే పిలిచారు. ఒక దేశం తన తుపాకికి కుక్క పేరు పెట్టుకుందంటే ఆ కుక్క వాళ్ళ కంటికి ఎంత అలవాటో చూడండి.

సభ మొదలయ్యే ముందు ఒక బాబు అడిగాడు, "అంకుల్, ఒక కుక్కపిల్లని హైదరాబాద్ తెచ్చిపెడతారా?" అని. తేను నాన్నా. దాని ఒంటి మీద రెండు పొరల బొచ్చు ఉంటుంది. లోపలిది దట్టమైన మెత్తటి పొర, బయటిది బిరుసైనది. మైనస్ ఇరవైలో హాయిగా తిరుగుతుంది. మే నెలలో ఇక్కడ ఏసీ గదిలో బంధించి ఉంచాలి, అడవి లేదు, పక్షి లేదు, మొరిగితే కింది ఫ్లాటు వాళ్ళ ఫోను. హస్కీలకి మన ఊళ్ళలో ఏం జరుగుతోందో చూస్తూనే ఉన్నాం. కానీ మీలో చాలామంది ఇళ్ళలో దీని చుట్టం ఇప్పటికే ఉంది. మనం పమేరియన్ అని పిలుచుకునే తెల్ల కుక్క చాలాచోట్ల నిజానికి ఇండియన్ స్పిట్జ్, బ్రిటిష్ కాలంలో వచ్చిన జర్మన్ స్పిట్జ్‌ల సంతానం. తరతరాలుగా మన ఎండకి అలవాటు పడింది. అదే కోసు మూతి, అవే చెవులు, అదే తోక. గేటు దగ్గర పాలబ్బాయి వస్తే అది కూడా కబురే పంపుతుంది. రేపు పొద్దున అది మొరిగినప్పుడు ఒక్కసారి లేచి వెళ్ళి చూడండి.

సరే, మిగతా సగం వినిపిస్తాను. మొరుగు కొనసాగుతుంది, తర్వాత చిన్న 'టప్' అని వినిపిస్తుంది. అది నా కాలి కింద విరిగిన ఎండుపుల్ల. పెని ఊపిరి కోసం ఆగిన క్షణంలో నేను అడుగు వేశాను. వెంటనే రెక్కల చప్పుడు. పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు, చేత్తో ఆగమన్నారు, అంతే. అక్కడ నుంచి దాదాపు రెండు నిమిషాలు ఏమీ ఉండదు, గాలి తప్ప. ఫోను పాడైందనుకోకండి. పెని పరుగెడుతోంది. బాగా చెవి పెడితే, చివర్లో, చాలా దూరం నుంచి, ముందు నెమ్మదిగా, అడిగినట్టుగా...

(రికార్డింగ్ వినిపించారు)